నిలబడ్డవాళ్లే ఫోటోలో మిగులుతారు

పోయిన సంక్రాంతికి ఇంట్లో అందరూ ఊరెళ్లారు. ఇల్లు ఖాళీ అయింది కదా అని, రెండేళ్లుగా ప్రింటు వేయించుకున్న ఫోటోలన్నీ తీసి హాల్లో నేలమీద పరిచాను. రెండొందల పైచిలుకు ఉన్నాయి. అన్నీ విజయవాడ వీధులే. వన్‌టౌన్ సందులు, కాళేశ్వరరావు మార్కెట్, బీసెంట్ రోడ్డు, కొండమీద ఇళ్లకు వెళ్లే మెట్లదారులు. తేదీల వారీగా సర్ది డబ్బాల్లో పెట్టేద్దామనుకున్నాను. సగంలో చెయ్యి ఆగిపోయింది.

మగవాళ్లందరూ ఎక్కడో ఒకచోట స్థిరపడి ఉన్నారు. టీకొట్టు ముందు గ్లాసు పట్టుకుని ఒకరు, బండి సీటుమీద అడ్డంగా కూర్చుని ఇంకొకరు, కరెంటు స్తంభానికి చేరగిలబడి మరొకరు, మూసిన షట్టర్ ముందు పేపరు పరుచుకుని నలుగురు. ఆడవాళ్లూ తక్కువేం లేరు. కాకపోతే అందరూ నడుస్తున్నారు. సంచి మోస్తూ, పిల్లాణ్ణి లాక్కెళ్తూ, కొంగు బిగించి రోడ్డు దాటుతూ. చాలా ఫోటోల్లో వాళ్లు అంచున ఉన్నారు. సగం మనిషి బయటికి వెళ్లిపోయింది, మిగిలిన సగం చెదిరింది.

వీధిలో మగవాళ్లు ఉంటారు. ఆడవాళ్లు వెళ్తుంటారు.

ఈ మాట ఎవరైనా అని ఉంటే నేను వాదించేదాన్నేమో. నేను తీసిన ఫోటోలే చెబుతుంటే ఏం వాదించను? మళ్లీ మొదట్నుంచి లెక్కపెట్టాను. కూరలు, పూలు అమ్ముకునేవాళ్లను పక్కనపెట్టాను, వాళ్లు పని చేసుకుంటూ కూర్చున్నవాళ్లు. బస్‌స్టాపులో నిలబడ్డవాళ్లనూ పక్కనపెట్టాను, బస్సు రాగానే వాళ్లూ వెళ్లిపోతారు. ఏ పనీ లేకుండా, ఊరికే, రోడ్డుమీద కూర్చున్న ఆడమనిషి ఉన్న ఫోటోలు పదకొండు. వాటి దగ్గరికి తర్వాత వస్తాను.

వీధి ఫోటోలు తీస్తానని చెప్పగానే ఎవరైనా మొదట అడిగేది "మీ స్టైల్ ఏంటి?" అని. బ్లాక్ అండ్ వైటా, కలరా? ఏ లెన్సు వాడతారు? ఎడిటింగ్ ఎందులో చేస్తారు? మనల్ని మనం వ్యక్తం చేసుకోవడమంటే ఇదేనని చాలామంది నమ్ముతారు. నేనూ ఏడాదిపాటు అలాగే నమ్మి, రంగులు మార్చుకుంటూ కూర్చున్నాను. ఇప్పుడు నాకు వేరేగా అనిపిస్తోంది. వీధి ఫోటోలో తీసినవాళ్ల మనసు కనిపించేది వాళ్లు ఎక్కడ నిలబడగలిగారు, అక్కడ వాళ్లను ఎంతసేపు నిలబడనిచ్చారు అన్నదాన్ని బట్టి. రంగులు ఆ తర్వాతి సంగతి.

వీధి ఫోటో చరిత్ర మొదలైందే నిలబడటం దగ్గర. 1838లో పారిస్‌లో లూయీ డగేర్ ఒక ఎత్తైన కిటికీలోంచి కింద ఉన్న బులెవార్డ్ ద్యు తాంప్ల్ అనే రోడ్డును ఫోటో తీశాడు. గుర్రబ్బళ్లతో, జనంతో కిటకిటలాడే రోడ్డు అది. కానీ అప్పటి పద్ధతిలో ఒక్క బొమ్మ పడాలంటే నిమిషాల తరబడి ప్లేటు మీద వెలుతురు పడుతూనే ఉండాలి. అంతసేపట్లో కదిలినవాళ్లెవరూ ప్లేటుకు అందలేదు. బళ్లు, గుర్రాలు, మనుషులు అందరూ మాయమైపోయి, రోడ్డు బోసిగా వచ్చింది. ఒక మూలన మాత్రం ఒక మనిషి మిగిలాడు. బూట్లు పాలిష్ చేయించుకుంటూ కాలు ఎత్తిపెట్టి కదలకుండా నిలబడ్డాడు కాబట్టి మిగిలాడు. పాలిష్ చేసేవాడు కూడా మసగ్గా అతని కాళ్ల దగ్గర ఉన్నాడు. ఫోటోలో పడిన మొట్టమొదటి మనిషి అతనేనని చాలామంది అంటారు. టెలిగ్రాఫ్‌తో పేరు తెచ్చుకున్న శామ్యూల్ మోర్స్ 1839లో ఆ ఫోటో చూసి, జనంతో నిండి ఉండే దారి అంత ఖాళీగా ఎలా వచ్చిందో, కదలని మనిషి ఒక్కడే ఎలా నిలిచాడో రాశాడు.

మా హాల్లో నేలమీద ఫోటోలు చూస్తున్నప్పుడు నాకు ఆ బొమ్మే గుర్తొచ్చింది. ఇప్పటి కెమెరా సెకనులో వెయ్యో వంతులో బొమ్మ పట్టేస్తుంది, నడిచేవాళ్లు మాయమైపోరు. అయినా మా ఊరి ఆడవాళ్లు నా ఫోటోల్లోంచి జారిపోతూనే ఉన్నారు. కారణం కెమెరాలో లేదు. నిలబడటానికి వాళ్లకు చోటు లేదు, అంతే.

నిలబడటం ఎంత కష్టమో నాకు తెలుసు, ఎందుకంటే నేనూ ఆడదాన్నే. కెమెరా పట్టుకుని బయటికొచ్చిన మొదటి నెలలో నేను నేర్చుకోవాల్సింది ఎక్స్‌పోజరు కాదని అర్థమైంది. పంజా సెంటర్ దగ్గర ఒక టీకొట్టు పక్కన నిలబడేదాన్ని. రెండు నిమిషాలు కాకముందే ఎవరో ఒకరు వచ్చేవారు. "ఎవరికోసం అమ్మా?" "అడ్రసు దొరకట్లేదా?" "ఎండలో ఎందుకండీ, లోపల కుర్చీ ఉంది, కూర్చోండి." అందరూ మర్యాదగానే అడిగారు, ఒక్కరి మాటలోనూ చెడు లేదు. ఆ మర్యాద అడుగున ఉన్నది మాత్రం ఒకటే: కారణం లేకుండా ఆడమనిషి రోడ్డుమీద నిలబడదు. కాబట్టి ఆమెకు సాయమన్నా కావాలి, లేదా ఆమె పైకి చెప్పుకోలేని పనిమీదన్నా వచ్చి ఉండాలి. రెండోది ఎవరూ నోటితో అనలేదు. చూపుల్లో తెలిసేది.

మా తమ్ముడు ఒక ఆదివారం నా కెమెరానే తీసుకుని అదే సెంటర్‌కి వెళ్లాడు. రెండు గంటల్లో తిరిగొచ్చాడు. పేకాడుతున్నవాళ్లు, గడ్డం గీయించుకుంటున్నవాళ్లు, లారీ మీంచి మూటలు దింపుతున్నవాళ్లు, అన్నీ దగ్గర్నుంచి తీశాడు. ఒక్కరు కూడా కెమెరా వైపు చూడట్లేదు. నాకు నిజంగా అసూయ కలిగింది. నా ఫోటోల్లో ఎవరో ఒకరు నన్నే చూస్తుంటారు. వెనకాల వరుసలో ఒకాయన, పక్క కొట్టు మెట్టుమీద కుర్రాడు, ఆటోలోంచి తల బయటపెట్టి ఒక పెద్దావిడ. చాలా కాలం వాటిని చెడిపోయిన ఫోటోలని తీసేశాను. చూపులు లేని వీధి కోసం తెల్లవార్లూ కష్టపడ్డాను.

అది తప్పని ఇప్పుడు తెలుస్తోంది. వాడు చూసిన వీధి వాడికి నిజం, నేను చూసిన వీధి నాకు నిజం. నేను నిలబడ్డ వీధి నన్ను తిరిగి చూస్తుంది. ఆ చూపు తీసేస్తే అది నా ఫోటో అవదు, మా తమ్ముడి ఫోటోకి నకలు అవుతుంది. తీసేసినవాటిలో కొన్ని హార్డ్‌డిస్క్‌లో వెతికి మళ్లీ తెచ్చుకున్నాను. కొన్ని పోయాయి, వాటికి ఇప్పటికీ బాధగానే ఉంది.

ఫ్రెంచ్ ఫోటోగ్రాఫర్ ఆంరీ కార్టియే-బ్రెసన్ పేరు చెప్పగానే అందరూ "నిర్ణాయక క్షణం" అంటారు, అంటే అన్నీ సరిగ్గా కుదిరే ఆ ఒక్క క్షణంలో కెమెరా నొక్కడం. 1932లో పారిస్‌లో ఒక రైల్వేస్టేషన్ వెనక నీటిగుంట దాటుతూ గాల్లో ఉన్న మనిషి ఫోటో గురించి చెబుతారు. మడమ నీటిని తాకబోయే ఆ క్షణం అద్భుతమే. కానీ మన ఫోటో క్లబ్బుల్లో ఆ క్షణం గురించి వంద పాఠాలు చెబుతారు గానీ, ఆయన ఒక కంచె సందులోంచి తొంగి చూస్తూ ఉండగలిగాడన్న సంగతి గురించి ఎవరూ మాట్లాడరు. "ఎవరికోసమయ్యా?" అని ఆయన్ను ఎవరూ అడిగి ఉండరు.

నాకు దారి చూపించింది వివియన్ మేయర్. షికాగోలో పిల్లల్ని చూసుకునే ఆయాగా సుమారు నలభై ఏళ్లు పనిచేసిన మనిషి. 2009లో చనిపోయింది. అంతకు రెండేళ్ల ముందు, అద్దె కట్టక ఆమె సామాన్లు వేలానికి వచ్చినప్పుడు పెట్టెల నిండా నెగటివ్‌లు బయటపడ్డాయి. లెక్క తేలితే లక్షకు పైనే. చాలా రీళ్లు ఆమె కడిగించను కూడా లేదు. ఆమె వాడిన రోలీఫ్లెక్స్ కెమెరాను కంటి దగ్గర పెట్టుకోనక్కర్లేదు, నడుము దగ్గర పట్టుకుని పైనుంచి అద్దంలోకి చూస్తే చాలు. ఆ కెమెరా ఆమెకు సాయం చేసిందని అందరూ రాస్తారు. నాకు మాత్రం ఆమె చేతిలో ఉన్న పిల్లలే పెద్ద సాయం అనిపిస్తుంది. పిల్లల్ని తిప్పడానికి తీసుకెళ్లిన ఆయా ఎక్కడ నిలబడ్డా ఎవరూ సంజాయిషీ అడగరు. అన్నం పెట్టే ఉద్యోగమే ఆమెకు వీధిలో నిలబడే హక్కు కూడా ఇచ్చింది. అద్దాల్లో, కొట్టు కిటికీల్లో, నేలమీద పడ్డ నీడలో తనను తాను ఎన్నిసార్లు తీసుకుందో. నేనూ ఇక్కడున్నానని చెప్పుకోవడంలా ఉంటాయి అవి.

మన దగ్గర ఆడవాళ్ల ఫోటో అంటే మొదట్నుంచీ గోడల మధ్యే. రాజా దీన్‌దయాళ్ 1892లో హైదరాబాద్‌లో పరదా పాటించే స్త్రీల కోసం ప్రత్యేకంగా జనానా స్టూడియో పెట్టారు. ఫోటోలు తీసింది కూడా ఒక మహిళే. ఆ రోజులకు అది గొప్ప విషయం, కాదనను. ఆ తర్వాత మన ఊళ్లలో వచ్చిన స్టూడియోల్లోనూ అదే నడిచింది. వెనకాల రంగుల తెర, పక్కన ప్లాస్టిక్ పూలకుండీ, పెళ్లిచూపుల కోసం తీసిన నిలువెత్తు ఫోటో. మా అమ్మవి ఇంట్లో ముప్ఫై ఫోటోలుంటే ఇరవైతొమ్మిది స్టూడియోలోనో, పెళ్లిపందిట్లోనో తీసినవే. బయట తీసింది ఒక్కటే. 1992 కృష్ణా పుష్కరాలప్పుడు, ఘాట్ మెట్ల మీద, తడి జుట్టుతో, కళ్లు చిట్లించి నిలబడి ఉంటుంది. ఘాట్‌లో తిరిగే ఫోటోగ్రాఫర్ ఎవరో తీశాడట. ఎండ వల్ల కళ్లు చిట్లించావా అని అడిగాను. "ఎండేం కాదే, ఆగకు రా రా అని మీ నాన్న పైమెట్టు మీంచి కేకలు" అంది. ఆ ఒక్క ఫోటోలోనే మా అమ్మ నాకు తెలిసిన అమ్మలా ఉంటుంది.

అందుకే మామూలు రోజుల ఫోటోలు కావాలంటాను. పండగలకు, పెళ్లిళ్లకు ఆల్బమ్‌లున్నాయి. మంగళవారం మధ్యాహ్నానికి ఎవరి దగ్గరా ఫోటో లేదు, బతుకులో ఎక్కువ భాగం మాత్రం మంగళవారం మధ్యాహ్నాలే. వరంగల్ నుంచి వచ్చిన భరత్ భూషణ్ గారు ఏళ్ల తరబడి తెలంగాణ పల్లె ఇళ్లను, తలుపులను, బతుకమ్మ ఆడే ఆడవాళ్లను తీస్తూనే వెళ్లారు. 2022లో ఆయన పోయాక ఆ ఫోటోలు మళ్లీ చూసినవాళ్లకు తెలిసే ఉంటుంది, అందులో ఉన్నది ఒక్కసారి వెళ్లి వచ్చినవాడి చూపు కాదని.

ఇక ఫోన్ గురించి ఒక్క మాట. ఫోన్‌తో తీయొద్దని నేను అనను, చాలా రోజులు నేనూ దాంతోనే తీశాను. కానీ అది మనకు చెప్పకుండా ఒక పని చేస్తుంది. నొక్కింది ఒక్కసారే అయినా వరసగా కొన్ని ఫోటోలు తీసి కలిపి, నీడల్ని లేపి తెల్లగా చేస్తుంది. మే నెలలో మా ఊళ్లో జనం నడిచేది నీడను పట్టుకునే. కొట్టు చూరు కింద రెండడుగుల నల్లటి గీత ఉంటుంది, ఆ గీతలోనే అందరూ ఒకరి వెనక ఒకరు వెళ్తారు. ఫోన్ ఆ నలుపును బూడిదరంగు చేసేస్తే ఆ ఎండ ఎంతటిదో ఇక తెలియదు. తీసేముందు తెరమీద వేలు పెట్టి వెలుతురు కిందికి లాగితే కొంత నయం. నలుపు నల్లగా ఉండాలి.

అసలు చెప్పడానికి కష్టంగా ఉన్న సంగతి ఇప్పుడు చెబుతాను.

నా ఫోటోల్లో ఎక్కువమందికి నచ్చినది ఒక ఉల్లిపాయల గోడౌన్ ముందు తీసింది. పొద్దున ఎనిమిదింటికి ఏటవాలు ఎండలో ఒకావిడ కింద కూర్చుని చెడిపోయిన గడ్డలు ఏరుతోంది. చేత్తో గుట్టను కదిపినప్పుడల్లా పొట్టు పైకి లేచి, వెలుగులో గులాబీరంగు రేకుల్లా తేలేది. ఆవిడ మొహంమీద ఒక పొర నీడ పడింది. ఆవిడను అడగలేదు. అడిగితే సహజత్వం పోతుందని అప్పుడు నమ్మేదాన్ని. ఇంటికొచ్చి ఆన్‌లైన్‌లో పెట్టాను, చాలామంది షేర్ చేశారు. మూడు వారాల తర్వాత అటు వెళ్తే ఆవిడే నన్ను గుర్తుపట్టి పిలిచింది. అరవలేదు, తిట్టలేదు. చేతులు కొంగుకు తుడుచుకుని నెమ్మదిగా చెప్పింది. "మా అబ్బాయి కాలేజీలో పిల్లలు చూశారంటమ్మా. వాడు అక్కడ మా అమ్మ ఇంట్లో మిషన్ కుడుతుందని చెప్పుకున్నాడు."

అప్పటికప్పుడు తీసేశాను. షేర్ అయినవాటిని తీయడం నా చేతిలో లేదు. ఆ అబ్బాయి తల్లి పనిని దాచుకోకూడదు కదా అని కొందరు స్నేహితులు నాతో వాదించారు. పని చిన్నదా పెద్దదా అన్న పాఠం ఆ కుర్రాడికి చెప్పడానికి నేనెవర్ని? వాళ్ల ఇంట్లో ఎవరికి ఏం చెప్పుకోవాలో వాళ్ల ఇష్టం. దాన్ని నేను అందమైన వెలుతురు కోసం తీసుకున్నాను.

చట్టం మాట చెప్పేవాళ్లూ ఉన్నారు. రోడ్డుమీద ఫోటో తీయొద్దని మన దగ్గర ప్రత్యేకంగా చట్టమేదీ లేదు, నిజమే. అయితే 2017లో సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం గోప్యతను ప్రాథమిక హక్కుగా గుర్తించినప్పుడు, నలుగురిలోకి వచ్చినంత మాత్రాన మనిషి దాన్ని వదులుకున్నట్టు కాదని కూడా ఆ తీర్పులో రాశారు. నాకు తీర్పుకంటే ఆవిడ కొంగుకు తుడుచుకున్న చేతులే ఎక్కువ గుర్తుంటాయి.

అప్పట్నుంచి ఒక పద్ధతి పెట్టుకున్నాను. మొహం తెలిసే ఫోటోను మొట్టమొదట చూడాల్సింది అందులో ఉన్న మనిషి. ప్రింటు వేయించి తీసుకెళ్లి చేతిలో పెడతాను. వాళ్లు సరేనంటేనే బయటపెడతాను. ఇలా అయితే క్యాండిడ్ ఫోటోలు, అంటే మనుషులు కెమెరా కోసం సర్దుకోకుండా ఉన్నప్పుడు తీసేవి, రావంటారు. వస్తాయి. కొంచెం ఆలస్యంగా వస్తాయి. మొదటి రోజు అందరూ కెమెరా కోసం నిటారుగా నిలబడతారు, అయిదోసారి వెళ్లేసరికి ఎవరి పని వాళ్లు చేసుకుంటారు. మనం పోయి వచ్చే మనుషులం కాదని తెలిశాక కెమెరా మీద ఆసక్తి దానంతటదే పోతుంది.

పైగా వాళ్లు చూసే చూపు మనకు తెలుస్తుంది. మా వీధి చివర ఇస్త్రీ బండి ఆయన ఫోటో ఒకటి తీశాను. బొగ్గుల పెట్టె మూత తెరిచి ఊదుతుంటే నిప్పుల వెలుగు గడ్డం మీద పడింది, వెనకాల బట్టల గుట్ట. నాకు ప్రాణంలా నచ్చిన ఫోటో. ప్రింటు ఇస్తే ఆయన నిప్పుల వంక చూడనే లేదు. గుట్టను వేలితో చూపించి, "ఇవి ఇంకా చేయనివి అమ్మా. చూసినవాళ్లు నా దగ్గర బట్టలు ఇట్టాగే ఉంటాయనుకుంటారు" అన్నారు. సాయంత్రం రమ్మన్నారు. వెళ్లేసరికి మడతపెట్టిన చొక్కాలు కాలర్లన్నీ ఒకే వైపు ఉండేలా దొంతరగా పేర్చి, పక్కన నిలబడ్డారు. ఇన్నేళ్లలో నేను ఆ కాలర్ల వరసను గమనించనే లేదు. ఇప్పుడు ఆ ఫోటో ఆయన బండి లోపలి చెక్కకు టేపుతో అంటించి ఉంది. నిప్పుల ఫోటో నా దగ్గరే ఉంది. ఏది మంచి ఫోటో అని ఎవరైనా అడిగితే, రెండూ పక్కపక్కన పెట్టకుండా జవాబు చెప్పలేను.

ఆ పదకొండు ఫోటోల సంగతి చెప్పాలి. వాటిలో ఏడు కొండమీద మెట్లదారుల్లో తీసినవి. గ్యాస్ బండ భుజాన పెట్టుకుని మనిషి ఎక్కాల్సిందే తప్ప బండి ఎక్కలేని దారులవి. సాయంత్రం అయిదయ్యేసరికి ఆడవాళ్లు ఆ మెట్లమీదే కూర్చుంటారు. జడలు వేసుకుంటారు, బియ్యంలో రాళ్లు ఏరుకుంటారు, ఏమీ చేయకుండా కింద ఊరివంక చూస్తూ కూర్చుంటారు. మెట్టే వాళ్లకు వీధి, మెట్టే అరుగు. హారన్ వినిపించని చోట ఆడవాళ్లు కూర్చుంటున్నారన్నది నాకు ఈ ఫోటోల వల్ల తెలిసిన రెండో సంగతి. రోడ్లు వెడల్పు చేస్తామనే ప్రతిసారీ నాకు ఆ మెట్లు గుర్తొస్తాయి.

మిగిలిన నాలుగూ బీసెంట్ రోడ్డులో తీసినవి. పగలు అక్కడ నిలబడటానికి కాలు పెట్టే చోటుండదు. తెల్లవారుజామున వెళ్లి చూడండి. షట్టర్లన్నీ వేసి ఉంటాయి. ఊడ్చే పని ఒక విడత అయ్యాక, పారిశుద్ధ్య కార్మికులు కొట్ల మెట్లమీద వరసగా కూర్చుంటారు. చీపుళ్లు షట్టర్లకు ఆనించి, కాళ్లు రోడ్డుమీదికి బారజాపి, పేపరు కప్పుల్లో టీ తాగుతూ పెద్దగా నవ్వుకుంటారు. అంత వెడల్పు రోడ్డులో కాళ్లు చాపుకుని కూర్చున్న ఆడవాళ్లను నేను ఇంకెక్కడా చూడలేదు.

పోయిన వారం మళ్లీ వెళ్లాను. వాళ్లలో పెద్దామె నన్ను చూసి పక్కకు జరిగింది.

"ముందు కూర్చో అమ్మాయ్. టీ తాగినాక తీద్దువుగానిలే."

మెట్టు ఇంకా రాత్రి చల్లదనంతోనే ఉంది. కెమెరా ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. నా కాళ్లు ముడుచుకునే ఉన్నాయని కాసేపటికి చూసుకుని, ముందుకు చాపాను. పాల వ్యాన్ ఒకటి వచ్చి మా కాళ్లను తప్పించుకుని పక్కనుంచి పోయింది. పోయినసారి ప్రింటులో తన మొహం సగమే పడిందని చివర కూర్చున్న అమ్మాయి ఫిర్యాదు చేసింది. ఈసారి మధ్యలో కూర్చుంటానంది. నలుగురికీ నాలుగు కాపీలు తెమ్మన్నారు.